ఎగిరే పళ్ళాల రహదారి

అమెరికా సంయుక్త రాష్ట్రాల పడమటి భాగంలో నెవాడా అనే రాష్ట్రం ఉన్నది. అందులో ఎక్కువ భాగం ఎడారి. రాజస్థానపు ఇసుక తిన్నెల వంటి ఎడారి కాదది. ఎండిన కొండల వరుసలు, ఆ వరుసల నడుమ విశాలమైన లోయలు, లోయల నిండా బూడిదరంగు పొదలు, అక్కడక్కడ నీరు ఇంకిపోయి తెల్లని పలకవలె గట్టిపడిన ఎండు చెరువులు. ఆ ప్రదేశంలో క్రిస్టల్ స్ప్రింగ్స్ అనే చోటినుండి వార్మ్ స్ప్రింగ్స్ అనే చోటివరకు 98 మైళ్ళ పొడవున రోడ్డు ఒకటి పోతున్నది. సర్కారు లెక్కలలో దాని సంఖ్య 375. ఇంత దూరానికీ దారిలో తగిలే ఊరు ఒక్కటే. దానిలోనైనా ఏభైమందికి మించి జనం లేరు. 1996లో ఆ రాష్ట్ర గవర్నరు బాబ్ మిల్లర్ ఈ రోడ్డుకు ‘గ్రహాంతరవాసుల రహదారి’ అని అధికార ముద్రతో నామకరణం చేసినారు.

రోడ్లకు రాజుల పేర్లు, దేశనాయకుల పేర్లు పెట్టుట మనకు కొత్త కాదు. ఉన్నారో లేరో ఎవరికీ నిశ్చయంగా తెలియని వారి పేరు ఒక ప్రభుత్వం రోడ్డుకు పెట్టుట మాత్రం వింతయే. ఆ ఏడు విడుదలైన ఒక చలనచిత్రపు ప్రచారానికీ ఈ నామకరణానికీ సంబంధం లేకపోలేదు. యాత్రికులు రాకపోతారా అనే ఆశయూ లేకపోలేదు. ఏమైనా పేరు నిలిచినది. నాటినుండి ఎగిరే పళ్ళాలయందు నమ్మకం గలవారు, నమ్మకం లేకున్నా వేడుక గలవారు, కార్లలో నీళ్ళ సీసాలు, దుర్భిణులు, దుప్పట్లు వేసికొని ఈ దారిన వస్తూనే ఉన్నారు. కొందరు దక్షిణాన కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి, తూర్పున న్యూ మెక్సికోలోని రాజ్‌వెల్ కూడా కలిపి ఒక తీర్థయాత్రవలె చుట్టి వస్తారు. ఈ యాత్రకు స్థలపురాణం ఉన్నది. ఆ పురాణం వెనుక చరిత్రయూ ఉన్నది. నాకు ఆసక్తి కలిగించినది రెండవది.

కథ 1947 జూన్ 24న ఆరంభమైనది. కెనెత్ ఆర్నాల్డ్ అనే వర్తకుడు తన సొంత చిన్న విమానంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని రెయినియర్ పర్వతం దగ్గర పోతూ, తళతళ మెరిసే వస్తువులు తొమ్మిది వరుసగా మహావేగంతో పోవుట చూచినాడు. అవి ఎట్లా కదిలినవని విలేఖరులు అడుగగా, నీటిమీదికి విసిరిన సాసరు ఎగిరెగిరి పోయినట్లు కదిలినవని చెప్పినాడు. అతడు చెప్పినది నడకను గూర్చి; ఆకారాన్ని గూర్చి కాదు. పత్రికలవారికి అంత వివేచన చేసే తీరిక లేకపోయినది. మరునాటికి ‘ఎగిరే పళ్ళాలు’ అనే మాట పుట్టినది. ఆ మాట పుట్టిన తరువాత దేశమంతటా జనానికి గుండ్రని పళ్ళాలే కనబడసాగినవి. మన అలంకారికులు విని ఉంటే, ఉపమానమే ఉపమేయమై ఆకాశానికి ఎగిరిన ఉదాహరణ ఇదొక్కటేనని నవ్వుకొని ఉండేవారు.

రెండు వారాలు తిరుగకముందే రాజ్‌వెల్ వార్త వచ్చినది. ఒక పశువుల కాపరి తన మేతభూమిలో రేకుకాగితం, రబ్బరు ముక్కలు, సన్నని కర్రపుల్లలు చూచి అధికారులకు చెప్పినాడు. జూలై 8న రాజ్‌వెల్ సైనిక విమానక్షేత్రంవారు ఎగిరే పళ్ళెం తమ చేత చిక్కినదని ప్రకటించినారు. మరునాడు పత్రికలలో ‘పళ్ళెం కాదు, వాతావరణ పరిశీలనకు వదలిన బెలూను’ అని పైఅధికారులు సవరించినారు. జనం దాదాపు 30 ఏళ్ళు దానిని మరచిపోయినారు. 1978 తరువాత పుస్తకాలు బయలుదేరి కథ తిరిగి లేచినది. 1994లో వైమానిక దళం అసలు సంగతి బయటపెట్టినది: సోవియట్ రష్యా అణుబాంబు పేల్చినపుడు పైవాతావరణంలో వ్యాపించే ధ్వనిని పసికట్టుటకు, బెలూనుల మాలలకు ధ్వనిగ్రాహక యంత్రాలు కట్టి ఎగురవేసేవారట. ఆ రహస్య ప్రయత్నం పేరు మొగల్. కాబట్టి 1947లో చెప్పిన ‘బెలూను’ అనే మాట నిజమే. ‘వాతావరణం’ అనే మాట అబద్ధం. సగం నిజం, సగం అబద్ధం కలిసిన ఈ సమాధానపు తీరు ముందుముందు పదేపదే కనబడుతుంది. రాజ్‌వెల్ ఇప్పుడు ఈ కథ మీదనే బ్రతుకుతున్న ఊరు. మ్యూజియం ఉన్నది, దీపస్తంభాలకు కూడా గ్రహాంతరవాసుల కళ్ళు గీసినారు. అక్కడ ఇంతకంటె ఆగనక్కరలేదు.

ఆగవలసిన చోటు కాలిఫోర్నియాలో, లాండర్స్ అనే పల్లెకు సమీపంలో ఉన్నది. మొహావీ ఎడారిలో ఏడంతస్తుల మేడంత ఎత్తున ఒంటిగా ఒక బండ నిలిచి ఉన్నది. దానిని ‘జెయింట్ రాక్’ అంటారు. ఆ ప్రాంతపు ఆదివాసులకు అది పూజనీయమైన చోటు. 1930ల నాటికి ఫ్రాంక్ క్రిట్సర్ అనే జర్మను వలసకారుడు ఆ బండ క్రింద నేల తొలిచి గదులు చేసికొని కాపురమున్నాడు. ఎండకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేదట. యుద్ధం వచ్చినది, ఒంటరివాడు, పైగా జర్మనువాడు, బండమీద రేడియో తీగ కట్టుకొన్నాడు, ఇంక పుకార్లకు కొదువ ఏమి? 1942లో పోలీసులు వచ్చిన సమయంలో లోపల ఉన్న డైనమైటు పేలి అతడు మరణించినాడు. అతడు గూఢచారి అనుటకు సాక్ష్యమేమీ దొరకలేదు. వేడుక చూడవచ్చిన యాత్రికులు ఈ అభాగ్యుని పేరు ఎక్కువగా తలచరు. రేడియో తీగ కట్టుకొన్నందుకు ఒకడు అనుమానానికి గురియైన కథ మా వంటివారికి కొంచెం మనసుకు తగులుతుంది.

1947లో జార్జి వాన్ టాసెల్ అనే ఆయన కుటుంబంతో ఆ బండ దగ్గరికి వచ్చి చేరినాడు. డగ్లస్, హ్యూస్, లాక్‌హీడ్ విమాన కర్మాగారాలలో పనిచేసిన నేర్పరి ఆయన. అక్కడ చిన్న విమానాలు దిగే మైదానం నడిపినాడు, కాఫీ హోటలు పెట్టినాడు, రాత్రులు బండ క్రింది గదిలో మిత్రులతో ధ్యానానికి కూర్చున్నాడు. ఆ ధ్యానంలో తనకు ఇతర గ్రహాలవారి సందేశాలు అందుతున్నవన్నాడు. 1953 ఆగస్టులో ఒక రాత్రి శుక్రగ్రహంనుండి ఒకరు వచ్చి తనను నిద్రలేపి, తమ నౌకను చూపి, ముసలితనాన్ని తగ్గించే యంత్రపు సూత్రం ఉపదేశించినారని చెప్పినాడు. అంతకు ముందటి ఏడు, 1952 నవంబరులో, డెజర్ట్ సెంటర్ దగ్గర జార్జి ఆడమ్‌స్కీ అనే మరొకరు ఇట్లే శుక్రగ్రహవాసితో మాట్లాడినానన్నాడు. శుక్రుని మీద సీసం కరిగేటంత వేడి ఉన్నదని ఆ కాలానికి నిర్ధారణ కాలేదు. కాబట్టి ఆ గ్రహంనుండి బంగారు జుట్టుగల అతిథులు వచ్చుటకు అప్పుడు అభ్యంతరం లేకపోయినది.

1950ల నడిమినుండి ఇరవై ఏళ్ళకు పైగా జెయింట్ రాక్ దగ్గర ఏటేటా పళ్ళాలవారి మహాసభ జరిగినది. వేలకొలది జనం వచ్చేవారు. మన తిరునాళ్ళను తలచుకొనండి: మట్టిరోడ్డున వరుసగా కార్లు, బండ నీడలో వేదిక, పుస్తకాలూ ఫోటోలూ అమ్మే బల్లలు, శుక్రుని మీద తాము చూచి వచ్చినది మైకు ముందు చెప్పే వక్తలు, చీకటి పడగానే ఆకాశం వైపు ఎత్తిన ముఖాలు. చందాల డబ్బుతో వాన్ టాసెల్ ఆ దగ్గరలోనే ‘ఇంటిగ్రట్రాన్’ అనే తెల్లని గోపురం కట్టించినాడు. 38 అడుగుల ఎత్తు, 55 అడుగుల అడ్డుకొలత, అంతా చెక్కపని, ఒక్క ఇనుప మేకు లేదు. మనిషి శరీరంలోని కణాలకు తిరిగి యౌవనం ఇచ్చే యంత్రం దానిలో నిలుపవలెనని ఆయన సంకల్పం. యంత్రం పూర్తికాకముందే 1978లో ఆయన మరణించినాడు. గోపురం మాత్రం చెక్కుచెదరక నిలిచినది. 2018లో దానిని జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చినారు. స్ఫటికపు గిన్నెలు మోగించగా ఆ నాదం గోపురంలో తిరిగి వినబడుతుంటే, జనం చాపలమీద పండుకొని వింటారు. వయస్సు తగ్గునో లేదో గాని మంచి వడ్రంగపు పని శబ్దాన్ని ఎట్లా పట్టి నిలుపుతుందో తెలిసికొనుటకు అది తగిన చోటే.

ఈ మనుష్యులను చూచి నవ్వుట సులభం. కాని వారు విన్నామన్న సందేశాల సారం ఏమిటో చూడవలెను. అణ్వాయుధాలు మానుడు, హైడ్రొజను బాంబు జోలికి పోకుడు అనేదే వాటిలో ముఖ్యాంశం. 1951 జనవరి 27 మొదలు నెవాడా ఎడారిలో అణుబాంబుల పరీక్షలు జరుగుతున్నవి. 1992 వరకు అక్కడ 928 పరీక్షలు జరిగినవి. అందులో 100 బహిరంగ వాతావరణంలోనే. తెల్లవారుజామున వాటి వెలుగు వందల మైళ్ళ దూరాన లాస్ ఏంజెలిస్ వరకు కనబడేది. పెద్దలెవరూ వినని మాటను చెప్పుటకు శుక్రగ్రహంనుండి ఒకరు రావలసి వచ్చినదేమో!

ఇప్పుడు తిరిగి నెవాడాకు వద్దాము. 1955 ఏప్రిల్‌లో కేంద్ర గూఢచార సంస్థకు చెందిన రిచర్డ్ బిసెల్, లాక్‌హీడ్ విమానశిల్పి కెల్లీ జాన్సన్ మొదలైనవారు చిన్న విమానంలో తిరుగుతూ గ్రూమ్ లేక్ అనే ఎండు చెరువును చూచినారు. బల్లపరుపు నేల, చుట్టూ కొండలు, ప్రక్కనే అణుపరీక్షల నిషిద్ధ ప్రదేశం. యూ-2 అనే రహస్య విమానాన్ని పరీక్షించుటకు ఇంతకంటె అనువైన చోటు దొరకదని నిశ్చయించినారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అంగీకరించినారు. పటాలలో ఆ చదరానికి 51 అని సంఖ్య ఉండుటచేత ‘ఏరియా 51’ అనే పేరు లోకానికి ఎక్కినది. పనివారిని ఆకర్షించుటకు జాన్సన్ దానిని ‘స్వర్గధామం’ అన్నాడు. ఆ స్వర్గానికి ప్రక్కనున్న అణుపరీక్షల ధూళి తగులుతున్నందున 1957లో మనుష్యులను అక్కడినుండి తరలించవలసి వచ్చినది.

1955 ఆగస్టులో యూ-2 ఎగిరినది. ఆ నాటి ప్రయాణికుల విమానాలు 10,000 మొదలు 20,000 అడుగుల ఎత్తున పోయేవి. యూ-2 60,000 అడుగులకు పైన పోయేది. అంత ఎత్తున మనిషి ఎగురగలడని సామాన్యులకే కాదు, విమానచోదకులకు కూడా తెలియదు. ఇప్పుడు సంధ్యవేళను ఊహించుకొనండి. పడమటికి పోతున్న ప్రయాణికుల విమానం నడిపేవానికి సూర్యుడు అస్తమించినాడు. క్రింద చీకటి ముసిరినది. కాని అతనికి 40,000 అడుగుల పైన ఉన్న యూ-2కు సూర్యుడింకా అస్తమించలేదు. మొదటి యూ-2ల రెక్కలు వెండివలె మెరిసే లోహపువి. వాటికి నల్లరంగు తరువాత వేసినారు. అస్తమయపు కిరణాలు తగిలి అవి నిప్పుకణికలవలె కనబడేవి. విమానచోదకుడు భయపడి ఫిర్యాదు వ్రాసేవాడు. ఫిర్యాదు వైమానిక దళంవారి ‘బ్లూ బుక్’ విచారణ శాఖకు పోయేది. ఆ శాఖవారు లోలోపల గూఢచార సంస్థను అడిగి, ఆ వేళకు అక్కడ యూ-2 ఉన్నదని తెలిసికొనేవారు. తెలిసికొని ఏమి చేయగలరు? నిజం చెప్పరాదు. అందుచేత మంచుకణాలనో, గాలిపొరల వేడిలో మార్పు అనో జవాబిచ్చేవారు. తన కళ్ళతో చూచినవానికి ఆ జవాబు తృప్తి కలిగించలేదు. ప్రభుత్వం ఏదో దాచుతున్నదని అనుకొన్నాడు. దాచుతూనే ఉన్నది గదా!

1950ల చివర, 1960లలో వచ్చిన ఇటువంటి ఫిర్యాదులలో సగానికి పైగా యూ-2, దాని తరువాతి రహస్య విమానాల వల్ల వచ్చినవేనని ఆ సంస్థ తన సొంత చరిత్రలో వ్రాసికొన్నది. పరిశోధకులలో కొందరు ఈ లెక్క ఎక్కువ చెప్పినారంటారు. నాకు కూడా అది కొంచెం ధారాళంగానే తోస్తున్నది. 1969లో మూతపడేనాటికి బ్లూ బుక్ శాఖకు 12,618 ఫిర్యాదులు వచ్చినవి. వాటిలో 701 తేలలేదు.

1989లో బాబ్ లజార్ అనే ఆయన లాస్ వెగాస్ టెలివిజన్‌లో, గ్రూమ్ లేక్ సమీపంలో తాను గ్రహాంతర నౌకలను విప్పి పరిశీలించే పనిచేసినానన్నాడు. తాను చదివినానన్న విద్యాలయాలలో ఆయన చదివిన దాఖలాలు లేవు. ఐనా ఆ మాటతో జనం 375వ రోడ్డుకు కట్టలు తెగినట్లు వచ్చినారు. దారిలోని ఒక్కగానొక్క ఊరు రేచెల్. ఆ లోయలో పుట్టిన మొదటి ఆడపిల్ల పేరు దానికి పెట్టుకొన్నారు. టంగ్‌స్టన్ గని మూతపడి ఊరు వల్లకాడు కాబోతున్న సమయమది. అక్కడి చిన్న హోటలువారు 1990లో పేరు మార్చి, ద్వారం దగ్గర ‘భూలోకవాసులకు స్వాగతం’ అని బోర్డు కట్టినారు. చెడిపోయిన కార్లను లాగే పాత లారీ కొక్కేనికి ఒక ఇనుప పళ్ళెం వ్రేలాడదీసినారు. గని చేయలేని పని గాలివార్త చేసినది, ఊరు నిలిచినది.

ఆ ఊరికి ఇవతల, రోడ్డు ప్రక్కన ఒక పశువుల యజమాని తన ఉత్తరాల కొరకు నల్లని తపాలా పెట్టె పాతుకొన్నాడు. చుట్టూ మైళ్ళ దూరం గుర్తుపట్టుటకు మరే వస్తువూ లేదు. అందువల్ల రాత్రివేళ ఆకాశం చూడవచ్చినవారికి అదే కలిసికొనే చోటైనది. కొందరు దానిలో గ్రహాంతరవాసులకు ఉత్తరాలు వేసినారు; కొందరు అతని ఉత్తరాలు తీసి చదివినారు; కొందరు తుపాకీతో కాల్చినారు. పాపం ఆయన విసిగి, 1996లో గుండ్లకు చలించని పెద్ద తెల్లపెట్టె తెచ్చి తాళం వేసినాడు. పెట్టె తెల్లబడినా దానిని జనం ‘నల్లపెట్టె’ అనే పిలిచినారు.

ఇంతవరకు వేడుక. వేడుక కానిది ఒకటి చెప్పవలసి ఉన్నది. గ్రూమ్ లేక్ కనబడే దగ్గరి కొండలు రెండు మిగిలి ఉండగా, జనం ఎక్కి చూస్తున్నారని 1995 ఏప్రిల్‌లో వైమానిక దళం ఆ సుమారు 4,000 ఎకరాలు తీసికొని మూసివేసినది. నాటినుండి చూడదలచినవారు 26 మైళ్ళ దూరాన టికబూ శిఖరం ఎక్కవలసినదే. దానికి ముందటి ఏడు, 1994లో, ఆ స్థావరంలో పనిచేసిన కొందరు కూలీలు, చనిపోయిన ఇద్దరు పనివారి భార్యలు న్యాయస్థానానికి పోయినారు. విషరసాయనాలు, పనికిరాని పదార్థాలు కందకాలలో పోసి బహిరంగంగా కాల్చేవారని, ఆ పొగవల్ల చర్మం పగిలి, ఊపిరి అందక జబ్బుపడినారని వారి వాదం. ఏమి కాల్చినారో చెబితే వైద్యం చేయించుకొంటామన్నారు. నష్టపరిహారం కూడా కోరలేదు. అది చెప్పుట దేశరక్షణకు భంగమని ప్రభుత్వం బదులిచ్చినది. 1995 సెప్టెంబరులో అధ్యక్షుడు క్లింటన్ ఆ స్థావరానికి చట్టప్రకారం వివరాలు వెల్లడించే బాధ్యతనుండి మినహాయింపు ఇచ్చినారు. 1998లో సుప్రీం కోర్టు కేసు వినుటకు నిరాకరించినది. గ్రహాంతరవాసుల కళేబరాల కొరకు ఆ కంచెలోపలికి తొంగిచూచినవారు లక్షలమంది. ఆ పొగ పీల్చినవారి పేర్లు ఎరిగినవారు ఎందరు?

2013 ఆగస్టులో, ఒక పరిశోధకుని అభ్యర్థనపై, గూఢచార సంస్థ తన యూ-2 చరిత్రను చాలావరకు విప్పి ఇచ్చినది. ఏరియా 51 అనే పేరు, దాని పటము సహా అందులో ఉన్నవి. ఉండనే ఉన్నదని అందరికీ తెలిసిన చోటు ఉన్నదని ఒప్పుకొనుటకు 58 ఏళ్ళు పట్టినది. అమెరికా పత్రికలు ఆ పేరు చూచి సంబరపడినవి. మనకు ఆశ్చర్యం కలిగించే పుటలు వేరే ఉన్నవి. 1962 చైనా యుద్ధం తరువాత సరిహద్దులను పైనుండి ఫోటోలు తీయుటకు యూ-2లను నెహ్రూ అనుమతించినారని, 1963 జూన్‌లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వాషింగ్టన్‌లో అధ్యక్షుడు కెనెడీని కలిసినపుడు ఒరిస్సాలో కటకం సమీపాన చర్బాటియా విమానక్షేత్రం వాడుకొనే మాట కుదిరినదని అందులో ఉన్నది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్న తత్త్వవేత్త పేరు, నెవాడా ఎండు చెరువుతో కూడిన గ్రంథంలో కనబడుట విధివిలాసం. 1964 మే 24న చర్బాటియానుండి ఒక యూ-2 ఎగిరినది. మూడు రోజులకు నెహ్రూ మరణించినారు. ఆ సాయంకాలం మహానది తీరాన పొలం గట్టుమీద నిలిచి, అస్తమయం తరువాత పైన కణికవంటి వెలుగు చూచినవారు ఉంటే, కొరివిదయ్యమనో తోకచుక్క అనో ఇంటికి పోయి చెప్పుకొని ఉంటారు.

2019లో ఒక యువకుడు పరిహాసానికి, అందరం కలిసి ఏరియా 51లోకి దూసుకొనిపోదాము, మనందరినీ ఆపలేరు అని ఇంటర్నెట్‌లో వ్రాయగా, ఇరవై లక్షలమంది వస్తామని గుర్తు పెట్టినారు. సెప్టెంబరు 20న వచ్చినవారు కొన్ని వేలే. ద్వారం దాకా పోయి, కాపలావారితో ఫోటోలు తీయించుకొని, రేచెల్‌లో పాటలు విని వెనుకకు మరలినారు.

ఈ రోడ్డుమీద రాత్రి ప్రయాణం చేసేవారికి ఆ ప్రాంతంవారు ఇచ్చే హెచ్చరిక ఒక్కటే. అది కంచె లేని మేతభూమి. పగటి ఎండకు కాగిన తారు రాత్రి కూడా వెచ్చగా ఉండుటచేత నల్లని ఆవులు వచ్చి రోడ్డుమీద నిలబడి ఉంటాయట. దీపాల వెలుగులో అవి చాలా దగ్గరికి వచ్చేవరకు కనబడవు.